ఇంట్లో టాక్సీడర్మీ నేర్చుకోవాలంటే నాటు పుంజుతో మొదలుపెట్టండి

పక్షుల బొమ్మలు గీస్తానని, టాక్సీడర్మీ, అంటే చచ్చిన ప్రాణి తోలు ఒలిచి బతికున్నట్టు నిలబెట్టే విద్య కూడా నేర్చుకోవాలని ఉందని, మన దేశంలో సొంతంగా చేసుకోనిస్తారా అని అడిగారు. చేసుకోవచ్చు. మాది గుంటూరు వైపు. నా ఉద్యోగం వేరు, సెలవు దొరికితే చేసే పని ఇది. అడవి ప్రాణుల జోలికి పోకుండానే ఈ విద్య నేర్చుకోవచ్చని అనుభవం మీద చెబుతున్నాను.

ముందు చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చచ్చి పడివున్న వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తే. రోడ్డు పక్కన నెమలి కనిపిస్తే అటవీ శాఖకు కబురు చేయండి, ఇంటికి మాత్రం తేవద్దు. వేట ట్రోఫీలకు పేరుపడ్డ మైసూరు వాన్ ఇంగెన్ వారి కార్ఖానా 1999లోనే మూతపడింది. ముంబై సంజయ్ గాంధీ జాతీయ పార్కులో 2009లో వన్యప్రాణుల టాక్సీడర్మీ కేంద్రం మొదలైంది. దాన్ని నడిపించిన డాక్టర్ సంతోష్ గైక్వాడ్ పశువైద్య కళాశాలలో శరీర నిర్మాణం (అనాటమీ) చెప్పిన అధ్యాపకుడు. తోలు ఒలవడం ఎవరైనా నేర్చుకుంటారు, లోపలి ఒడ్డూపొడుగూ తెలిసినవాడి చేతిలోనే అది మళ్లీ పక్షి అవుతుంది.

అందుకే నాటు పుంజు అంటున్నాను. చట్టం అడ్డురాదు, బతికున్నవి రోజూ కళ్లముందు తిరుగుతుంటాయి. ఈకల రంగు చూసి పుంజుల్లో ఇది డేగ, ఇది కాకి, ఇది సేతువ, ఇది పర్ల అని దూరం నుంచే చెప్పే పెద్దవాళ్లు మా ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల పక్కన కూర్చుని పుంజులు చూడండి. కూసే ముందు మెడ ఎంత సాగుతుంది, బరువు ఏ కాలిమీద వేస్తుంది, ఎండలో రెక్క ఎలా దించుతుంది, అన్నీ గీసుకోండి. నా దగ్గర ఒక్కో పుంజుకి ముందు బొమ్మల పుస్తకం నిండుతుంది, ఆ తర్వాతే కత్తి పడతాను.

కోడి కొట్లో వేడినీళ్లలో ముంచకుండా, ఈకలు పీకకుండా ఇమ్మని ముందే చెప్పి పెట్టుకోండి. జబ్బుచేసి చచ్చింది వద్దేవద్దు. చేతికి తొడుగులు వేసుకోండి. రొమ్ము ఎముక వెంట కోసి తోలు విడదీసేటప్పుడు పుర్రె, రెక్కల ఎముకలు, కాళ్ల ఎముకలు తోలుతోనే ఉంచాలి. మెదడు, కళ్లు తీసేయాలి. ఒలిచిన ఒంటిని పారేసే ముందు కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీయండి, చుట్టుకొలత తీసుకోండి. కొబ్బరి పీచుని దారంతో బిగించి చుట్టి ఆ కొలతకే కొత్త ఒళ్లు చేస్తాను. అసలు కష్టం కొవ్వు దగ్గర ఉంది. తోలుకి కాస్త మిగిలినా కొన్నాళ్లకి నూనె బయటికి ఊరుతుంది, ఈకలు జిడ్డెక్కుతాయి. ఓపిగ్గా గీకి, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఈకలు పొంగేదాకా ఆరబెట్టి, లోపలివైపు వెలిగారం పొడి బాగా పట్టించాలి. ఒంటిని నిలబెట్టే తీగలు కాళ్లలోంచి, మెడలోంచి వస్తాయి, గాజు కళ్లు మట్టిలో కూర్చుంటాయి. జుట్టు, గడ్డం కింది తిత్తులు ఆరాక ముడుచుకుని రంగు పోతాయి. అక్కడ మీ కుంచె పని మొదలవుతుంది. బొమ్మలు వేసేవారు కనుక మీకది బాగా కుదురుతుంది.

అమెరికా టాక్సీడర్మీ నిపుణుడు కార్ల్ ఏక్లీ గురించి తప్పకుండా చదవండి. తోలులో గడ్డి కుక్కే రోజుల్లో ఆయన జంతువు కండరాలన్నీ మట్టితో మలిచి, దానికి అచ్చు తీసి, తేలికైన ఆకారం మీద తోలు తొడిగాడు. 1890లో మిల్వాకీ మ్యూజియంలో ఆయన చేసిన మస్క్‌రాట్ల (నీళ్లలో తిరిగే పెద్ద ఎలుకల్లాంటివి) దృశ్యం ఇప్పటికీ ఉంది. న్యూయార్క్ సహజ చరిత్ర మ్యూజియంలో ఆయన పేరున్న ఆఫ్రికా జంతువుల మందిరం 1936లో తెరుచుకుంది, అప్పటికి ఆయన పోయి పదేళ్లు. ఆ దృశ్యాల వెనక కొండలు, ఆకాశం గీసింది చిత్రకారులే. ఈ రెండు విద్యలూ కలిసే నడిచాయి.

ఇంకో జాగ్రత్త. పాత బంగళాల గోడలకి కనిపించే పాత జంతువుల తలల్ని ఒట్టి చేతులతో తాకొద్దు. పురుగు పట్టకుండా అప్పట్లో పాషాణం (ఆర్సెనిక్ విషం) కలిసిన సబ్బు పూసేవారు. మనం నిలబెట్టిన పుంజులకి గాజు పెట్టె, కలరా ఉండలు, తరచూ ఒక చూపు చాలు.

వానాకాలంలో మాత్రం మొదలుపెట్టకండి, మన కోస్తా తేమలో తోలు సరిగా ఆరదు. సంక్రాంతి దాటాక పెట్టుకోండి. ఈలోగా గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల చెరువుకి వెళ్లండి, గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గట్టుమీద నిలబడి గీసుకునేంత దగ్గరగా గూళ్లు కడతాయి.