కౌలు డబ్బును రిటర్నులో చూపాలా? ఫిబ్రవరి పాలసీ ఇంకా అవసరమా?

హన్మకొండలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాల అధ్యాపకులు అడిగిన ప్రశ్న ఇది. 2025-26లో ఆయన జీతం 12,40,000 రూపాయలు. ఉండేది సొంత ఇంట్లో, ఇంటి అప్పు లేదు. నర్సంపేట దగ్గరున్న మూడెకరాలపై ఏటా 60,000 కౌలు వస్తుంది. పన్ను భయంతో ఫిబ్రవరిలో స్టాఫ్ రూముకు వచ్చిన ఏజెంటు దగ్గర తీసుకున్న జీవిత బీమా పాలసీలు మూడు నడుస్తున్నాయి. ఆరేళ్ల పాప ఉంది. "ఈసారి పన్నే లేదంటున్నారు, మరి ఈ పొదుపులెందుకు?" అని ఆయన సందేహం.

పన్ను లేదన్న మాట మీ విషయంలో దాదాపు నిజమే గానీ పూర్తిగా కాదు. కొత్త పన్ను విధానంలో జీతగాళ్లందరికీ ఇచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా మీ ఆదాయం 11,65,000. దానిపై శ్లాబుల ప్రకారం పడే 56,500 పన్ను, ఆదాయం 12 లక్షలు దాటలేదు కాబట్టి రిబేటులో, అంటే పన్నులో ఇచ్చే తగ్గింపులో, మొత్తం పోతుంది. మీ తోటివారి లెక్క ఇక్కడితో ఆగిపోయింది. సాగుభూమి కౌలు కూడా చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయమే. దానిపై నేరుగా పన్ను లేకపోయినా, అది 5,000 దాటి, మీ ఇతర ఆదాయం పన్ను పడని కనీస పరిమితికి మించి ఉన్నప్పుడు శ్లాబు లెక్కలో దాన్ని కలుపుతారు. అలా కలిపిన 12,25,000పై పన్ను 63,750. అందులోంచి 4,60,000పై, అంటే 4 లక్షల పరిమితికి కౌలు కలిపిన మొత్తంపై, పడే 3,000 తీసేస్తే 60,750. రిబేటు 60,000కు మించదు గనుక 750 మిగిలి, సెస్సుతో 780 అవుతుంది.

సొమ్ము చిన్నదే. కానీ కౌలు 5,000 దాటినవారికి ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. కౌలుదారు ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మి నగదుగా ఇచ్చినా ఇదే నియమం. ఆ 780 ముందే కట్టి, జూలై 31లోగా రిటర్ను వేసి, 30 రోజుల్లో ఇ-వెరిఫై చేయండి. పాత విధానం మీకు దండగ: పాలసీల కింద లక్షన్నర, ఆరోగ్య బీమా కింద 25,000 చూపించినా, కౌలు కలపకముందే పన్ను లక్ష దాటుతుంది.

కాబట్టి పన్ను కోసం కొత్త పాలసీ తీసుకోవలసిన పని లేదు. ఉన్న మూడు బాండ్లూ బీరువాలోంచి తీసి, బీమా మొత్తం ఎంతో కూడి చూడండి. ఇలాంటి పాలసీలు మూడు కలిపినా ఏడాది జీతానికి సరిపోని ఇళ్లు నేను చాలా చూశాను. మీదీ అలాగే ఉంటే ముందు టర్మ్ పాలసీ, అంటే పొదుపు లేకుండా ప్రాణానికి మాత్రమే రక్షణ ఇచ్చే బీమా, తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. పాతవాటిని కోపంతో సరెండర్ చేయకండి. ప్రీమియం ఆపి, అప్పటిదాకా కట్టినదానికి తగ్గ బీమాతో పాలసీని పెయిడప్‌గా ఉంచితే ఎంత వస్తుందో, సరెండర్ చేస్తే ఎంత చేతికొస్తుందో బ్రాంచిలో రాతపూర్వకంగా అడిగి, అప్పుడు తేల్చుకోండి.

మిగిలే ప్రీమియం డబ్బులో కొంత పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతాకు మళ్లించవచ్చు. 2025-26లో దాని వడ్డీ 8.2 శాతం, కొత్త విధానంలోనూ ఆ వడ్డీపై పన్ను పడదు. పదేళ్లు నిండేలోగా తెరవవచ్చు గదా అని ఆగకండి. ఖాతా తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లకు గానీ మెచ్యూరిటీ రాదు, కనుక ఇప్పుడు తెరిస్తే పాపకు 27వ ఏట, తొమ్మిదో ఏట తెరిస్తే 30వ ఏట ఆ డబ్బు అందుతుంది.