రసాయన సందేశమా, రసాయన సంకేతమా?

ప్రశ్న: విశాఖపట్నంలో తెలుగు మాధ్యమం పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ప్రశ్నపత్రంలో ‘నాడీకణాలు రసాయన సందేశాలు పంపుకుంటాయి’ అని రాస్తే, మా తెలుగు మాస్టారు ‘సంకేతాలు’ అని దిద్దారు. రెండూ ఒకటే కదా? ‘నాడి’కి ఇక్కడ దీర్ఘం ఎందుకు?
– ఒక ఉపాధ్యాయిని, ఎం.వి.పి. కాలనీ

సమాధానం: దిద్దుబాటు సరైనదే.

సందేశంలో చెప్పదలచిన మాట అందులోనే ఉంటుంది. ఎవరు విప్పి చదివినా అదే. సంకేతానికి సొంత అర్థం ఉండదు, ఇద్దరి మధ్య ఉన్న ఏర్పాటే దాని అర్థం. ఈ శబ్దానికి ఈ అర్థం అనే కట్టుబాటును మన తార్కికులు సంకేతమనే అన్నారు. ప్రబంధ నాయికలు ఎదురుచూసే సంకేతస్థలమూ ముందుగా అనుకున్న చోటే! మీ డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపస్తంభం నావికుడికి ఏమీ చెప్పదు; ఆ మెరుపుల వరస ఏ తీరానిదో అతనికి ముందే తెలిసి ఉండాలి.

నాడీకణాల దగ్గర జరిగేదీ ఇదే. విద్యుత్ ప్రేరణ ఆక్సాన్ (నాడీకణపు పొడవాటి తోక) చివరికి చేరగానే కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి. అక్కడి సూక్ష్మమైన తిత్తులు కణత్వచంతో కలిసిపోయి తమలోని రసాయనాన్ని బయటికి వదులుతాయి. అది సుమారు 20 నానోమీటర్ల సందు దాటి అవతలి కణం మీది గ్రాహకానికి, అంటే ఆ రసాయనాన్ని పట్టుకునే అణువుకు, అంటుకుంటుంది. ఆ తరవాత ఏం జరగాలో తేల్చేది గ్రాహకమే.

1921లో ఆటో లోయీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెకు వెళ్లే వేగస్ నాడిని ప్రేరేపించాడు. గుండె మందగించింది. దాన్ని తడిపిన ద్రవాన్ని మరో కప్ప గుండెకు అందిస్తే అదీ మందగించింది. ఆ ద్రవంలో ఉన్నది ఎసిటైల్‌కొలీన్ అని తరవాత తేలింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నాడు. గుండెను నెమ్మదింపజేసే అదే ఎసిటైల్‌కొలీన్ చేతి కండరాన్ని సంకోచింపజేస్తుంది. సందేశమే అయితే గుండె దాన్ని ‘తగ్గు’ అనీ, చెయ్యి ‘కదులు’ అనీ ఎలా చదువుకుంటాయి?

హార్మోన్లను ‘రసాయన సందేశవాహకాలు’ అనడం వాడుకలో పాతుకుపోయింది. దానితో తగవు పెట్టుకోను.

మాస్టారు వదిలేసిన మాట ఒకటుంది: ‘పంపుకుంటాయి’. ‘ఉత్తరాలు రాసుకున్నారు’ అంటే ఇటునుంచీ అటునుంచీ అని అర్థం. నాడీకణాల సంధి దగ్గర రసాయన సంకేతం ప్రధానంగా ఒకే దిశలో నడుస్తుంది. కాబట్టి ‘ఒక నాడీకణం విడుదల చేసిన రసాయన సంకేతాన్ని తరవాతిది అందుకుంటుంది’ అని రాయండి.

ఇక దీర్ఘం. సంస్కృతంలో అవి నాడీ, నదీ. విడిగా తెలుగులోకి వస్తే నాడి, నది అవుతాయి. సంస్కృత సమాసంలో దీర్ఘం నిలుస్తుంది: నదీతీరం, నాడీకణం. ‘డాక్టరు నాడి చూశారు’ అన్నప్పుడు హ్రస్వమే. దీర్ఘం గొడవ తప్పుతుందని ‘నరం’ తెచ్చి ‘నరకణం’ చేయకండి. పిల్లలు మనిషి కణం అనుకుంటారు.