సిగార్ పెట్టెతో గిటారు: చెన్నైలో నాలుగు చేసిన అనుభవంతో ఒక సమాధానం

బంధువులు విదేశం నుంచి తెచ్చిన ఖాళీ సిగార్ పెట్టె ఇంట్లో ఉందని, దానితో మూడు తీగల గిటారు చేయాలని ఉందని, గిటారు ఎన్నడూ నేర్చుకోకపోయినా చిన్నతనంలో కొన్నేళ్ళు కర్ణాటక గాత్రం నేర్చుకున్నారని మీరు రాశారు. అపార్ట్‌మెంటు బాల్కనీలో మామూలు పనిముట్లతో ఈ పని సాధ్యమా, అలా చేసిన వాద్యం నిజంగా వాయించడానికి పనికివస్తుందా, మనకు వచ్చిన గీతాలు, కీర్తనలు దాని మీద పలుకుతాయా అన్నవి మీ ప్రశ్నలు. నేను మైలాపూరులో ఉంటూ గత ఆరేళ్ళలో ఇటువంటివి నాలుగు చేశాను. వాటిలో మొదటిది పూర్తిగా పాడైంది, రెండవది ఓ మాదిరిగా పలికింది, చివరి రెండింటినీ ఇప్పటికీ వాయిస్తూనే ఉన్నాను. మీ మూడు ప్రశ్నలకూ నా సమాధానం అవుననే. అయితే మీరు పెట్టె గురించి రాసినంతగా కర్ర గురించి, అంటే గిటారు మెడ గురించి, రాయలేదు కాబట్టి, నా సమాధానం ఎక్కువగా దాని గురించే ఉంటుంది.

ఈ వాద్యం పుట్టుక గురించి రెండు మాటలు చెప్పుకుంటే తరువాతి విషయం సులువుగా అర్థమవుతుంది. అమెరికాలో 1860లలో వచ్చిన సుంకం చట్టాల వల్ల సిగార్లను పెట్టెలలో పెట్టి ముద్ర వేసి అమ్మవలసి రావడంతో, సన్నని చెక్కతో చేసిన ఖాళీ పెట్టెలు ఎన్నో ఇళ్ళకు చేరాయి. ఎడ్విన్ ఫోర్బ్స్ అనే చిత్రకారుడు 1876లో ప్రచురించిన అంతర్యుద్ధ చిత్రాలలో, సైనిక శిబిరంలో ఒక సిపాయి సిగార్ పెట్టెతో చేసిన ఫిడేలు వాయిస్తూ కనిపిస్తాడు. టెక్సాస్ బ్లూస్ గాయకుడు లైట్నిన్ హాప్‌కిన్స్ తన తొలి గిటారును చిన్నప్పుడు సిగార్ పెట్టెతోనే చేసుకున్నానని చెప్పుకున్నాడు. కొనే స్తోమత లేనివారు చేతికందిన పెట్టెకు చేతికందిన కర్ర బిగించి పాట కట్టుకున్నారు. మన పల్లెలలో బైరాగులు ఎండిన సొరకాయ బుర్రకు వెదురు బిగించి తంబుర చేసుకున్నదీ ఇటువంటి అవసరంతోనే. మా తాతగారు గోదావరి లంక పొగాకు చుట్టలు కాల్చేవారు. అవి ఇంటికి కట్టలుగా వచ్చేవే తప్ప పెట్టెలలో వచ్చేవి కావు, వచ్చి ఉంటే మా ఊళ్ళోనూ ఎవరో ఒకరు వాటికి తీగలు కట్టి ఉండేవారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పెట్టె విషయం త్వరగా ముగిస్తాను. సుమారు 22 నుంచి 25 సెంటీమీటర్ల పొడవు, 16 నుంచి 20 సెంటీమీటర్ల వెడల్పు, 4 లేదా 5 సెంటీమీటర్ల లోతు ఉండి, మూత చెక్క 3 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటే చాలు. మేలైన సిగార్ పెట్టెలను స్పానిష్ సెడార్ అనే చెక్కతో చేస్తారు. పేరులో సెడార్ అని ఉన్నా అది దేవదారు జాతి కాదు, మన వేప, మహాగని చెట్ల కుటుంబానికి చెందినది, తేలికైనది, చక్కగా మోగుతుంది. మీ పెట్టె ప్లైవుడ్ మీద కాగితం అతికించినదైనా దిగులు పడవద్దు, నా రెండవ గిటారు ఎండు ఖర్జూరాలు వచ్చిన ప్లైవుడ్ పెట్టెతో చేసినదే. మూతను వేలి కణుపుతో తట్టి చూడండి. మందంగా, పొడిగా వినిపిస్తే ఆ పెట్టెను వదిలివేయండి, ఖంగుమని కొంతసేపు నిలిస్తే అది పనికివస్తుంది.

ఇక కర్ర. వీణకు దండి, అంటే దాని పొడవాటి మెడ, ఎలాంటిదో ఈ వాద్యానికి ఈ కర్ర అలాంటిది. ఇది పెట్టె ఒక గోడలో దూరి, లోపలి నుంచి సాగి, రెండవ గోడలోంచి కొద్దిగా బయటకు వస్తుంది. తీగల లాగుడు మొత్తం దీని మీదనే పడుతుంది గానీ పెట్టె మీద పడదు. మూడు తీగలు కలిసి ఈ కర్రను 35 కిలోలకు పైగా బలంతో, ఒక్క క్షణం కూడా విడవకుండా లాగుతూ ఉంటాయి. నేను మొదటిసారి ఈ సంగతి లెక్కలోకి తీసుకోలేదు. ప్యాకింగ్ పెట్టెల నుంచి వచ్చిన మెత్తని పైన్ కర్ర, పైగా నడుమ ముడి ఉన్నది, చవకగా దొరికిందని కొని, ఆగస్టులో తీగలు బిగించి సంతోషపడ్డాను. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలై ఇంట్లో గోడలు కూడా చెమ్మగిల్లిన రోజులలో ఆ కర్ర ముడి దగ్గర విల్లులా వంగింది. తీగలు కర్రకు వేలెడు ఎత్తున నిలిచిపోయి, ఎక్కడ నొక్కినా శ్రుతి తప్పి పలికింది. పెట్టె మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని చూసి నేను పడిన బాధ మీరు పడకూడదన్న ఉద్దేశంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

చెన్నైలో మంచి కర్ర కోసం ఎక్కువ వెతకనవసరం లేదు. పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే తలుపులు, కిటికీలు అమ్మేవారి దగ్గర బర్మా టేకు ముక్కలు దొరుకుతాయి. అరవై, డెబ్భై ఏళ్ళు ఈ ఊరి గాలిని తట్టుకుని నిలిచిన చెక్క కాబట్టి అది వంగవలసినంత ఎప్పుడో వంగిపోయి ఉంటుంది, ఇక కొత్తగా పెద్దగా వంగదు. ఒక మీటరు పొడవు, 38 మిల్లీమీటర్ల వెడల్పు, 19 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క తీసుకోండి. చివర చూసినప్పుడు వార్షిక వలయాల గీతలు అడ్డంగా కాక నిలువుగా ఉన్నది ఎంచుకుంటే అది తీగల లాగుడుకు ఎక్కువగా ఎదురు నిలుస్తుంది. ముడులు, పాత మేకుల రంధ్రాలు ఉన్న భాగం వద్దు. కర్రను కంటికి ఎదురుగా పెట్టుకుని అంచు వెంట చూస్తే వంపు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. కొనగానే కోయకుండా మూడు, నాలుగు వారాలు ఇంట్లోనే గోడకు ఆనకుండా పడుకోబెట్టి ఉంచండి. చిత్రిక పట్టడం మీకు రాకపోతే దగ్గరలోని వడ్రంగి చేత పై ముఖం ఒక్కటీ చదునుగా పట్టించుకోండి. మిగిలిన పనికి రంపం, ఉలి, మూలమట్టం, ఆకురాయి, ఉప్పుకాగితం, చిన్న డ్రిల్ సరిపోతాయి, ఇవన్నీ బాల్కనీలో చేసుకోదగినవే.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటి ఉంది. కర్ర పెట్టె లోపల మూతకు ఆనుకుని పోతే మూత కదలలేదు, మూత కదలకపోతే గిటారు మూగబోతుంది. అందువల్ల పెట్టె లోపల ఉండే భాగంలో కర్ర పై ముఖాన్ని 4 లేదా 5 మిల్లీమీటర్ల లోతుకు చెక్కి తీసివేసి, గోడల దగ్గర మాత్రమే పూర్తి మందం వదలాలి. నా రెండవ గిటారు ఓ మాదిరిగా పలకడానికి కారణం ఇదే. ఒక ఆదివారం దాన్ని మళ్ళీ విప్పి, ఉలితో ఆ భాగాన్ని తొలిచి బిగించగా, గొంతులో అడ్డుపడినదేదో తొలగినట్లు నాదం ఒక్కసారిగా విచ్చుకుంది. రెండవ చివర, బిరడలు వచ్చే చోట, కర్ర మందాన్ని పై నుంచి 13 మిల్లీమీటర్లకు తగ్గిస్తే గిటారు దుకాణాలలో దొరికే మరబిరడలు సరిగ్గా కూర్చుంటాయి, తీగలు పై ఆధారం మీద నుంచి తగినంత కిందికి వంగి గట్టిగా ఆనుతాయి.

రెండు ఆధారాలకు, అంటే బిరడల వైపు నట్టుకూ పెట్టె మీది బ్రిడ్జికీ, పావు అంగుళం మరకడ్డీ (బోల్టులా పొడవునా మరలున్న కడ్డీ) ముక్కలు వాడాను. ఆ మరల గాడులలో తీగలు జారకుండా కూర్చుంటాయి. ఇక్కడి వీణ పనివారు బ్రిడ్జిని తమిళంలో కుదిరై అంటారు, గుర్రం అని అర్థం. దీన్ని అతికించకుండా తీగల బిగువుతోనే నిలిచేలా వదలండి, కొలత కొద్దిగా తప్పినప్పుడు జరపడానికి వీలుంటుంది. రెండు ఆధారాల మధ్య దూరం 25 అంగుళాలు, అంటే 635 మిల్లీమీటర్లు పెట్టుకుంటే మామూలు గిటారు తీగలు హాయిగా సరిపోతాయి. లైట్ రకం అకూస్టిక్ తీగల సెట్టులో 5, 4, 3 నంబరు తీగలు తీసుకోండి. 4వ తీగను డి శ్రుతిలో, 3వ తీగను జి శ్రుతిలో వాటి మామూలు స్థానంలోనే ఉంచి, 5వ తీగను మాత్రం ఎ నుంచి ఒక పూర్తి స్వరం దించి జి చేయాలి. మూడు తీగల సిగార్ పెట్టె గిటారుకు ఎక్కువమంది వాడేది ఈ జి, డి, జి శ్రుతినే.

మీ మూడవ ప్రశ్నకు జవాబు ఈ శ్రుతిలోనే ఉంది. జి ని షడ్జంగా తీసుకుంటే ఈ మూడు తీగలు వరుసగా సా, పా, పై సా అవుతాయి. ఊరికే మూడింటినీ కలిపి మీటినా తంబుర పలికినట్లు ఉంటుంది. గాత్రం నేర్చుకున్న మీకు ఈ వాద్యం పరాయిదిగా అనిపించకపోవడానికి ఇంతకన్న కారణం అక్కరలేదు. మొదటి రెండు తీగలను శ్రుతికి వదలి, మూడవ తీగ మీద మాత్రమే స్వరాలు వాయిస్తూ నెలరోజులు గడపమని సలహా ఇస్తాను.

గిటారు కర్రకు అడ్డంగా బిగించే లోహపు మెట్లు (ఫ్రెట్లు) బిగించవద్దని కూడా గట్టిగా చెబుతాను. పని కష్టమని కాదు. మెట్ల లెక్క సులువే: మొత్తం పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది, 635కు అది 35.6 మిల్లీమీటర్లు. మిగిలిన పొడవును మళ్ళీ అదే అంకెతో భాగిస్తూ పోతే 12వ మెట్టు సరిగ్గా సగం దగ్గర, 317.5 మిల్లీమీటర్ల వద్ద పడుతుంది. అయితే ఈ లెక్క స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసే పాశ్చాత్య పద్ధతికి చెందినది. తంబుర శ్రుతితో కలిసిపోయే స్వరాల లెక్క వేరు. పంచమం తీగ పొడవులో మూడవ వంతు దగ్గర, అంటే 211.7 మిల్లీమీటర్ల వద్ద పలుకుతుంది, మెట్టు 211.2 దగ్గర పడుతుంది, ఈ తేడా చెవికి తెలియదు. శుద్ధ మధ్యమం నాలుగవ వంతు, అక్కడా తేడా అర మిల్లీమీటరే. అంతర గాంధారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అది ఐదవ వంతు కాబట్టి 127 మిల్లీమీటర్ల వద్ద ఉండాలి, మెట్టు 131 దగ్గర ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్ల తేడా చిన్నది కాదు. కింద షడ్జం మోగుతూ ఉండగా మెట్టు మీది గాంధారం కొంచెం పైకి పోయి అలలుగా కొట్టుకుంటుంది. 127 దగ్గరకు వచ్చినప్పుడు ఆ అల ఆగి రెండు తీగలూ ఒకటైపోతాయి. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు పాడుకున్నవారి చెవి ఆ చోటును తనంతట తానే పట్టుకుంటుంది. నేను మూడవ గిటారు మీద మొదటిసారి ఆ చోటుకు చేరిన సాయంత్రం చాలాసేపు ఆ ఒక్క గాంధారమే వాయిస్తూ కూర్చున్నాను.

అందువల్ల కర్ర మీద పెన్సిలుతో గీతలు మాత్రం గీసుకుని, స్లైడుతో వాయించండి. మందమైన చిన్న గాజు సీసా గాని, అంచులు నునుపు చేసిన రెండు అంగుళాల స్టీలు గొట్టం ముక్క గాని చిటికెన వేలికి లేదా ఉంగరపు వేలికి తొడుక్కుని, తీగను కర్రకు అదమకుండా పైపైన తాకించాలి. స్లైడుకు వెనుక, నట్టు వైపు, మిగిలిన వేళ్ళను తీగ మీద మెత్తగా ఆనించకపోతే గరగర శబ్దం వస్తుంది. స్లైడు గీతల మధ్యన కాదు, సరిగ్గా గీత మీద ఉండాలి. స్లైడు వాయింపుకు 12వ గీత దగ్గర, అంటే తీగ సరిగ్గా సగం దగ్గర, తీగ 5 మిల్లీమీటర్ల ఎత్తున ఉండవచ్చు కాబట్టి, మెట్ల గిటారుకు కావలసినంత సూక్ష్మమైన పనితనం కూడా అవసరం రాదు. ఈ ఊరివారికి ఈ పద్ధతి కొత్త కాదు. చిత్రవీణ అని పిలిచే గోటువాద్యానికి మెట్లు ఉండవు, నునుపైన కర్రముక్కను తీగల మీద జార్చి వాయిస్తారు. డిసెంబరు కచేరీలలో ఆ వాద్యం ఉన్న రోజున ముందు వరుసలో కూర్చుని ఎడమ చేతిని గమనించండి. జారు గమకాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతారో చూస్తే, నెలల సాధనలో దొరకని సూక్ష్మం ఒక్క సాయంత్రంలో దొరుకుతుంది. స్వరాన్ని ఊపే కంపితం, స్వరాలను చకచకా దొర్లించే బ్రిగా ఈ చిన్న పెట్టె మీద నాకు ఇంకా సాధ్యపడలేదు. విళంబ కాలంలో మోహన, హంసధ్వని వంటి రాగాలలో గీతాలు, సులభమైన కీర్తనలు మాత్రం నిండుగా పలుకుతాయి.

శబ్దం విషయానికి వస్తే, దీని నాదం పక్క గది దాటి పెద్దగా వినిపించదు, ఇరుగుపొరుగుకు ఇబ్బంది ఉండదు. పెద్దగా వినిపించాలనుకుంటే ఎలక్ట్రానిక్ సామాను దొరికే రిచీ స్ట్రీటులో 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ళ (మూత కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది) కొని, మూత లోపలి వైపు, బ్రిడ్జికి నేరుగా కింద కాకుండా రెండు, మూడు సెంటీమీటర్ల పక్కగా అతికించండి. నేరుగా కింద పెడితే పెట్టెకు చేయి తగిలిన ప్రతిసారీ దబదబమని వినిపిస్తుంది. నడుమ ఉన్న తెల్లని పింగాణీ భాగానికి టంకం పెట్టేటప్పుడు సెకను, రెండు సెకన్లకు మించి వేడి తగలనివ్వవద్దు, పైపూత లేచిపోతుంది. ఆ నడిమి తీగ, యాంప్లిఫయరు కేబుల్ దూర్చే జాక్ కొనకు, అంచున ఉన్న ఇత్తడి భాగం జాక్ ఒడలికి పోవాలి.

ఖర్చు నాకు నాలుగవ గిటారుకు సుమారు 1,400 రూపాయలు అయింది. అందులో సగానికి పైగా బిరడలకూ తీగలకూ పోయింది, టేకు ముక్కకు 300 ఇచ్చాను, పీజో బిళ్ళ ధర చాలా తక్కువ. వారాంతాలలో మాత్రమే పని చేసుకుంటే, కర్ర ఆరే కాలం కాక, మూడు వారాలు పడుతుంది.

తీగలు బిగించిన రోజునే పూర్తి శ్రుతికి తీసుకురావద్దు. మొదటి రోజు రెండు పూర్తి స్వరాలు తక్కువగా ఉంచి, మరునాడు ఒక స్వరం, మూడవ రోజు మిగిలినది పెంచండి. ఆ తరువాత కర్రను అంచు వెంట మళ్ళీ ఒకసారి చూసి, వంపు లేదని తేలాక బ్రిడ్జిని జరిపి సరిచూసుకోండి. స్లైడును సరిగ్గా 12వ గీత మీద పెట్టి మీటినప్పుడు వచ్చే స్వరమూ, అదే చోట వేలిని తాకీ తాకనట్లు ఆనించి మీటినప్పుడు వచ్చే స్వరమూ ఒక్కటైతే బ్రిడ్జి సరైన చోట ఉన్నట్లు. అప్పుడు బ్రిడ్జి రెండు పక్కలా పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి, తీగలు మార్చే రోజున ఆ గుర్తు అవసరం పడుతుంది.