ఉద్యోగం తీయని దేశం కావాలంటున్న తండ్రికి

ప్రశ్న: మా అమ్మాయి డేటా సైన్స్‌లో మాస్టర్స్ చేస్తానంటోంది. అమెరికాలో చెప్పాపెట్టకుండా ఉద్యోగం పీకేస్తారంట. యూరప్‌లో చట్టాలు గట్టివి, తీయడం కుదరదంట. అక్కడికే పంపమంటారా? ఏ దేశంలో నిరుద్యోగం తక్కువ?

జవాబు: అప్పు చేసి పంపాక అమ్మాయి ఖాళీగా కూర్చోవాల్సి వస్తుందేమోనని మీ భయం. శాతాల పట్టిక ఇచ్చినంత మాత్రాన అది పోదు.

తీసేయడం కష్టమైన చోట, తీసుకునే ముందు కూడా యజమాని పదిసార్లు ఆలోచిస్తాడు. అంటే ఆ చట్టం ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లను కాస్తుంది. మీ అమ్మాయి ఇంకా గుమ్మం బయటే ఉంది. ఇలాంటి నిబంధనలు సడలించమని 1994లో దేశాలకు సలహా ఇచ్చిన ఓఈసీడీయే (ఎక్కువగా సంపన్న దేశాలుండే ఆర్థిక సహకార సంస్థ), మొత్తం నిరుద్యోగం మీద వాటి ప్రభావం స్పష్టంగా లేదని 2004లో రాసింది. ఉద్యోగాలు ఊడడం తగ్గుతుంది, ఊడితే మళ్లీ దొరకడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ఎక్కువగా కొత్తవాళ్ల నెత్తిన పడుతుంది.

స్పెయిన్‌లో జరిగింది అదే. పాతవాళ్లకు గట్టి రక్షణ, కొత్తవాళ్లకు తాత్కాలిక ఒప్పందాలు. 2008 సంక్షోభంలో వాటిని పొడిగించలేదు, అంతే. 2013లో నిరుద్యోగం 26 శాతానికి చేరింది, 25 ఏళ్ల లోపువాళ్లలో సగం దాటింది. తాత్కాలిక ఒప్పందాలకు 2021 చివర్లో గానీ గట్టిగా కళ్లెం వేయలేదు.

జర్మనీలో 2005లో 11 శాతం దాటిన నిరుద్యోగం తర్వాత సగానికి పైగా తగ్గింది. ఉద్యోగ రక్షణ చట్టం సారం మాత్రం మారలేదు. నిరుద్యోగ భృతి సంస్కరణలు, జీతాలపై సంఘాలూ యజమానులూ కుదుర్చుకున్న సర్దుబాట్లు, వీటిలో దేనిది ఎంత పాత్రో ఇప్పటికీ వాదనే.

ఇంగ్లీషులో చెప్పే కోర్సు దొరికిందని, అక్కడి భాష ఒక్క ముక్క రాకుండా పంపేసే ధోరణి మీద నాకు చాలా అనుమానాలున్నాయి. కోర్సు ఇంగ్లీషులో ఉన్నంత మాత్రాన ఆఫీసూ ఇంగ్లీషులో నడవదు. పైగా "జర్మనీలో తీయరు" అన్నది సగం నిజం. ప్రొబేషన్ 6 నెలల వరకూ ఉండొచ్చు. ఆ గడువులో 2 వారాల నోటీసు చాలు. ఆ తర్వాత కూడా పూర్తి రక్షణ 10 మందికి మించి పనిచేసే చోటే. తొలగింపు లేఖ అందాక 3 వారాల్లో కార్మిక కోర్టుకు వెళ్లకపోతే, తొలగింపు అన్యాయమైనా సాధారణంగా చెల్లిపోతుంది.

అమెరికాలో 2020 ఏప్రిల్‌లో 14 శాతం దాటిన నిరుద్యోగం 2021 చివరికి 4 శాతం లోపుకొచ్చింది. తీయడమూ వేగమే, తీసుకోవడమూ వేగమే. కానీ మీ అమ్మాయి గడియారం వీసాది. హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి గరిష్ఠంగా 60 రోజులు. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పనిచేయడానికి విద్యార్థులకిచ్చే అనుమతి) మొదటి ఏడాదిలో ఖాళీగా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. జర్మనీ చదువు ముగిశాక వెతుక్కోడానికి 18 నెలలిస్తుంది. మీరు అడగాల్సింది ఈ లెక్క. దీంతో పాటు 25 ఏళ్ల లోపువాళ్ల నిరుద్యోగం, తాత్కాలిక ఒప్పందాల వాటా చూడండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఆమె ఏ పని చేయాలనుకుంటోందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. దేశం ఎంచే ముందు అది అడగండి. ఎక్కడికి వెళ్లినా మొదటి ఉద్యోగానికి ఏడెనిమిది నెలలు పడితే ఓడిపోయినట్టు కాదు. ఆ నెలల్లో "ఇంకా రాలేదా" అని రోజూ ఫోన్ చేయకండి.