రెసిడెంట్ అని వేసేసిన రిటర్న్‌ను ఎలా సరిచేయాలి?

మీరు రాసింది ఇదీ: 2024 జూన్ 12న ఖతార్‌కు పనికి వెళ్ళారు. సంక్రాంతికి జనవరి 4న సోంపేట వచ్చి 28న తిరిగి విమానం ఎక్కారు. 2025 జులైలో నెట్ సెంటర్‌లో ఐటీఆర్-1 (ఆదాయపు పన్ను రిటర్న్ ఫారం) వేయించారు, అందులో రెసిడెంట్ (పన్ను లెక్కల్లో ఇండియా నివాసి) అని పడింది. ఇక్కడి నికర ఆదాయం 3,80,000, టీడీఎస్ (ముందే కోసే పన్ను) లేదు, పన్ను సున్నా వచ్చింది.

ముందు రోజులు చూద్దాం. ఏప్రిల్ 1 నుంచి జూన్ 12 దాకా 73, పండగకి 25, మొత్తం 98. వెళ్ళిన రోజు, వచ్చిన రోజు కలిపే వేశాను. ఉద్యోగం కోసం దేశం దాటిన ఏడాది భారత పౌరుడు 182 రోజులు ఇక్కడుంటేనే రెసిడెంట్, 60 రోజులున్నా రెసిడెంట్ కావచ్చనే నిబంధన వర్తించదు. కాబట్టి మీరు నాన్ రెసిడెంటే. పాస్‌పోర్టులో ఇమిగ్రేషన్ ముద్రలున్న పేజీలు స్కాన్ చేసి దాచండి, రేపు నోటీసు వస్తే అవే రుజువు.

పన్ను సున్నాయే కదా అని వదిలేయకండి. రెసిడెంట్ అయితే ఖతార్ జీతమూ చూపాలి, అక్కడి బ్యాంకు ఖాతాను షెడ్యూల్ ఎఫ్‌ఏలో (విదేశీ ఆస్తుల పట్టిక) రాయాలి. ఆ రెండూ లేవు కనుక ఆ రిటర్న్ ఎటు చూసినా తప్పే. పైగా ఆ సున్నా సెక్షన్ 87ఏ రిబేటు (పన్ను మాఫీ) వల్ల వచ్చింది, అది రెసిడెంట్లకే. ఆ ఏడాది కొత్త పన్ను విధానంలో 3 లక్షలు పోను 80,000 మీద 5 శాతం 4,000, సెస్సు 160, వెరసి 4,160 కట్టాలి.

ఆదాయపు పన్ను పోర్టల్‌లో ముందు ప్రొఫైల్‌లో రెసిడెన్షియల్ స్టేటస్ మార్చండి. చాలామంది ఇది మరిచిపోతారు. తర్వాత అసెస్‌మెంట్ ఇయర్ 2025-26, సెక్షన్ 139(5) (సవరించిన రిటర్న్), ఐటీఆర్-2 ఎంచుకోండి. ఐటీఆర్-1 నాన్ రెసిడెంట్లకు పనికిరాదు. పాత రిటర్న్ 15 అంకెల అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు, వేసిన తేదీ ఇవ్వాలి. పార్ట్-ఏలో ఆ ఏడాది, అంతకుముందు నాలుగేళ్ళు ఇండియాలో ఎన్ని రోజులున్నారో అడుగుతుంది. డబ్బు ఈ-పే ట్యాక్స్‌లో సెల్ఫ్ అసెస్‌మెంట్ (300) కింద కట్టి, చలానా వివరాలు రిటర్న్‌లో నింపండి.

ఈ-వెరిఫై 30 రోజుల్లో అయిపోవాలి. ఆధార్ ఓటీపీ ఇక్కడి సిమ్‌కే వస్తుంది. ఆ సిమ్ రీచార్జి లేక ఆగిపోయి ఉంటే నెట్ బ్యాంకింగ్ ద్వారా లాగిన్ అయి చేయండి.

ఈ సవరణకు గడువు 2025 డిసెంబరు 31. అది దాటితే ఐటీఆర్-యూ (అప్‌డేటెడ్ రిటర్న్) ఒక్కటే దారి: 2027 మార్చి 31 లోపు వేస్తే పన్ను, వడ్డీ మీద 25 శాతం అదనం. మీకు పన్ను పెరుగుతోంది కాబట్టి కుదురుతుంది. గల్ఫ్ జీతాన్ని రెసిడెంట్‌గా చూపి పన్ను కట్టేసినవాళ్ళకు మాత్రం ఐటీఆర్-యూలో రీఫండ్ రాదు, వాళ్ళు డిసెంబరు దాటకుండా చూసుకోవాలి.

సోంపేటలో మీ సేవింగ్స్ ఖాతా ఇంకా మామూలుదే అయితే, బ్యాంకులో పాస్‌పోర్టు, వీసా నకళ్ళిచ్చి ఎన్‌ఆర్‌ఓగా (నాన్ రెసిడెంట్ల రూపాయి ఖాతా) మార్పించండి.