బోటు ఎక్కేముందు, బిడ్డా

హన్మకొండ

బిడ్డా సుజాతా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ల అడిగినదానికి అప్పటికప్పుడు సరిగ్గ జవాబు చెప్పలేకపోయిన. "మామా, సంక్రాంతి సెలవులల్ల అందరం కలిసి బోటు షికారుకు పోదామనుకుంటున్నం. స్పీడు బోటు మాట్లాడుదామా, పెద్ద బోటా?" అన్నవు. పెద్ద బోటు అని ఒక్క ముక్కల చెప్పి ఊకోవచ్చు. కని పెద్దదైనంత మాత్రాన అది మంచి బోటు కాదు. అందుకే కూసోని రాస్తున్న. అల్లునికి గూడ చదివి వినిపియ్యి.

నేను 22 ఏండ్లు దుబాయిల షికారు బోట్ల ఇంజన్లు బాగుచేసిన సంగతి నీకు ఎరుకే. అక్కడ ఉన్నోళ్లు సొంతంగ బోట్లు కొనుక్కుంటరు. పొద్దున పోయి మాపటికి తిరిగొచ్చే బోట్లు. 25, 30 అడుగుల పొడుగుంటయి. వెనక కూసునే జాగ, ముందల చిన్న అర్ర, అండ్ల ఒక బాత్రూమ్. కొనేటప్పుడు అందరు అడిగేది, ఎంత స్పీడు పోతదని. ఏడాది తిరిగేసరికి వాళ్లల్ల సగం మంది మా షాపుకొచ్చి "అమ్మిపెట్టు" అనేటోళ్లు. ఏమైందంటే ఇంట్లోళ్లు ఎక్కుతలేరు. నీడ లేదు, ముసలోళ్లు ఎక్కి దిగలేరు, అల మీద దబదబ కొట్టుకుంటుంటే ఆడోళ్లకు, పిల్లలకు వాంతులు. ఆ పని నాకు నేర్పింది ఇదే బిడ్డా. బోటు చూసేటప్పుడు, నడిపేటోని కండ్లతోటి చూడొద్దు. ఇంట్ల అందరికన్న చాతగానోళ్లు ఎవరో, వాళ్ల కండ్లతోటి చూడాలె. మీ ఇంట్ల వాళ్లు ఇద్దరు. మోకాళ్ల నొప్పుల మీ అత్తమ్మ, మూడేండ్ల చిన్ని. వాళ్లిద్దరికి సరిపడే బోటు మిగిలిన అందరికి సరిపోతది.

ముందుగాల చెరువు సంగతి. కరీంనగర్ మానేరు డ్యాం దగ్గరనుకుంటున్నం, అని అల్లుడన్నడట. అది 24 టీఎంసీలు పట్టే డ్యాం. అడ్డం ఏం లేకుంట విప్పుకొని ఉంటది. అసొంటి నీళ్ల మీద గాలి ఎంత దూరం నుంచి తోసుకొస్తే అల అంత లేస్తది. పడుచోళ్లయితే పోవచ్చు. లక్నవరం అట్ల కాదు. కాకతీయులు గుట్టల నడుమ కట్ట పోసి కట్టిన చెరువు, నడిమిట్ల 13 దీవులు. గాలిని గుట్టలే ఆపుతయి. ఇంకో సుఖం ఏందంటే, అక్కడ వేలాడే వంతెన ఉన్నది. బోటంటే భయమయ్యేటోళ్లు నడుచుకుంట దీవికి పోవచ్చు. మీ అమ్మకు నీళ్లంటే భయం, నీకు తెలుసు గద. ఆమెను బలవంతంగ బోటెక్కియ్యకు. నా మాటైతే లక్నవరమే. పాఖాల చెరువు గూడ మంచిదే, కని ఇంతమందితోటి అయితే అక్కడ అనుకూలం తక్కువ.

ఇగ అసలు సంగతి. ఒడ్డుకు పోంగనే టికెట్ల కిటికి దిక్కు ఉరుకకు. పది నిమిషాలు నిలబడి, మనుషులను ఎక్కించుకొని పోతున్న బోట్లను చూడు. రంగు చూడకు, సీట్ల మెత్తలు చూడకు. బోటు అంచుకు, నీళ్లకు నడుమ ఎంత ఎడముందో చూడు. అందరు కూసున్నంక గూడ మూరెడు ఉంటే నిమ్మళం. జానెడే ఉన్నదంటే ఆ బోటు వద్దు. టికెటు పైసలు పోయినా సరే.

ఈ సంగతి ఎవ్వరు చెప్తే నేర్చుకున్నది కాదు. 1991 గోదావరి పుష్కరాలకు మీ తాతను తీసుకొని కాళేశ్వరం పోయిన. అవతలి ఒడ్డు సిరోంచకు అప్పుడు వంతెన లేదు, పడవల మీదనే పోవుడు. వానకాలం, ఏరు నిండుగ ఉన్నది. పడవల ఎంతమందిమో లెక్కలేదు. నేను అంచుకు కూసున్న, చెయ్యి కిందికి వదిలితే మనికట్టు దాక నీళ్లల్ల మునిగింది. అప్పుడు నాకది ఆటలెక్క అనిపించింది. నడి ఏట్లకు పోయినంక ఒక ముసలామె "గోదారమ్మకు పైసలెయ్యాలె" అని లేచి ఎడమ దిక్కు వంగింది. ఆమెను చూసి ఇంకో నలుగురు, వాళ్ల వెనక ఇంకో పది మంది. పడవ ఎడమకు ఒరిగింది. నీళ్లు అంచు మీదికెల్లి గాజుపలకలెక్క సన్నగ లోపలికి జారినయి. చప్పుడు గూడ కాలే. పడవాయన తెడ్డు వదిలిపెట్టి "కూసోండ్రి, ఎవలి జాగల వాళ్లు కూసోండ్రి" అని ఒర్రిండు. మీ తాత నా మెడ మీద చెయ్యేసి కిందికి గుంజి కూసోబెట్టిండు. పాదాలు మునిగేటన్ని నీళ్లు వచ్చినయి, అంతే. అందరం ఒడ్డుకు చేరినం. కని ఇప్పటికి గూడ బోటు చూస్తే నా కన్ను ముందుగాల అంచు మీదికే పోతది.

అడుగున చేరిన నీళ్లు గూడ చిన్నగ చూడొద్దు. బోటు ఏ దిక్కు ఒరిగితే ఆ నీళ్లు ఆ దిక్కే ఉరుకుతయి, ఒరిగినదాన్ని ఇంక ఒరగేస్తయి. ఎక్కేముందు కాళ్ల కింది చెక్కల సందులకెల్లి చూడు. నీళ్లు కదులుతున్నట్టు కనిపిస్తే "ముందుగాల నీళ్లు తోడి పొయ్యి" అని అడుగు. మొహమాటపడకు.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిల మునిగిన బోటు నీకు యాదికి ఉండే ఉంటది. వరద 5 లక్షల క్యూసెక్కులకు మీదనే ఉన్నది. బోటుల 77 మంది. మన కాజీపేట పక్క కడిపికొండోళ్లు గూడ ఉండిరి. ఆ బోటును పైకి తీసేసరికి అక్టోబర్ 22 అయింది. కడిపికొండ దిక్కు పోయినప్పుడల్ల నాకు గుండె బరువైతది. అది చిన్న బోటు కాదు బిడ్డా, రెండంతస్తులది. అందుకే పెద్ద బోటైతే చాలదంటున్న. పైఅంతస్తున్న బోటు దొరికితే మీరు కిందనే కూసోండ్రి. మనుషుల బరువు మీదికి పోయినకొద్ది బోటు తలబరువై ఊగుతది. పొయ్యి మీద గిన్నె మీద గిన్నె పెట్టినట్టన్నమాట.

బోటు అడుగు ఎట్లున్నదో గూడ చూడాలె. ముఖ్యంగ మూడు రకాలుంటయి. నాగలి కర్రు లెక్క కోసుగ ఉండేది అలను చీరుకుంట పోతది. స్పీడుల ఉన్నప్పుడు అదే మంచిది, కని ఆగి ఉన్నప్పుడు అటిటు ఊగుతది. తాంబాలం లెక్క సాఫుగ ఉండేది ఆగినప్పుడు కదలదు, స్పీడు పెంచితే మాత్రం ప్రతి అలకు దభీమని కొడ్తది. మూడోది, రెండు పొడుగు డ్రమ్ముల మీద పీట వేసినట్టుంటది. ఎడ్లబండికి రెండు గిర్రలు ఎడంగ ఉన్నట్టు, దాని బలం అండ్లనే ఉన్నది. మీ అత్తమ్మ లేచి నిలబడ్డా, పిల్లలు ఆ మూలకెల్లి ఈ మూలకు పోయినా తొందరగ ఒరగదు. మీదికెల్లి కప్పు, చుట్టు రేలింగు ఉంటయి. మెల్లగ పోతది. మీకు అదే కావాలె. అసొంటిది లేకుంటే వెడల్పుగ ఉండి కప్పున్న బోటు చూసుకోండ్రి.

మీరు 11 మంది. మీరు నలుగురు, మీ అత్తమ్మ మామలు, మీ ఆడిబిడ్డోళ్లు నలుగురు, మీ అమ్మ. బోటు మీద మనుషుల లెక్క రాసి ఉంటది. 10 అని ఉంటే 10 మందే, చంకల పిల్ల గూడ ఒక మనిషే. "పిల్లలే గద సార్, సర్దుకోండ్రి" అని వాళ్లు అంటరు. సర్దుకోవద్దు. రెండు బోట్లు మాట్లాడుకొని, ఒక్కొక్కదాంట్ల ఒక ఈతగాడు ఉండేటట్టు చూసుకోండ్రి. అల్లుడు ఒకదాంట్ల, మీ ఆడిబిడ్డ పెనిమిటి ఇంకోదాంట్ల.

బోటు నడిపే పిల్లగాన్ని గూడ చూసుకో. అతను నీళ్లల్ల తేలిపెట్టే లైఫ్ జాకెట్ ఏసుకున్నడా? మనుషులను లెక్క పెట్టుకున్నడా? నోరు కల్లు వాసన వస్తున్నదా? నేనైతే ఒక మాట అడుగుత: "తమ్మీ, నడుమల ఇంజను ఆగితే ఏం చేస్తవు?" పనోడైతే ఎంటనే తెడ్డు చూపిస్తడు, తాడు చూపిస్తడు, ఫోన్ల ఎవరికి చెప్తడో చెప్తడు. "ఆగదు మేడం" అని నవ్వితే ఆ బోటు వదిలిపెట్టు. స్పీడు బోటైతే స్టీరింగు దగ్గర ఎర్ర తాడొకటి చుట్టలు చుట్టుకొని వేలాడుతుంటది. అది నడిపేటోని చేతికో నడుముకో తగిలించి ఉండాలె. అతను నీళ్లల్ల పడితే తాడు ఊడి ఇంజను దానంతటదే ఆగిపోతది. చానమంది అడ్డమని దాన్ని ఇంజనుకే కట్టి వదిలేస్తరు. వెనక తగిలించిన మోటరు పక్కకెల్లి సన్నని నీళ్లధార కొడుతుంటది, అది గూడ చూడు. ఆ ధార వస్తున్నదంటే ఇంజను చల్లబడుతున్నట్టు. రాకుంటే చెరువు నడుమ ఆగుతది.

పిల్లలను వెనక మోటరు పక్కన కూసోబెట్టకు. బోటు మెల్లగ పోయేటప్పుడు, ఆగి ఇంజను నడుస్తున్నప్పుడు పొగ వెనకనే సుళ్లు తిరుగుతది. అండ్ల వాసన లేని విషం ఉంటది. దుబాయిల ఒకసారి ట్రయల్‌కు పోయినప్పుడు ఒక పిల్ల వెనక సీటుల పడుకొని లేస్తలేదు. ఎండకు అలిసిందనుకున్నరు. ఎత్తుకొని ముందలికి తెచ్చి గాలికి కూసోబెడితే పావుగంటకు కండ్లు తెరిచింది. నేను ఆ పిల్ల కాళ్లు రుద్దుకుంట కూసున్న. తల నొస్తున్నదని గని, నిద్రొస్తున్నదని గని ఎవరన్నా అంటే ఇంజన్ బంద్ చెయ్యిమను.

జాకెట్ల దగ్గర మాత్రం నీతో కొట్లాడుత. అక్కడ ఇచ్చేవి గుట్ట పోసి ఉంటయి, చేతికి అందింది తీసుకోకు. బొటనవేలితోటి గట్టిగ ఒత్తి వదులు. లోపలి స్పాంజి మళ్ల పొంగాలె. గుంట అట్లనే ఉంటే దాని పనైపోయింది. బక్కిళ్లు పెట్టి గుంజి చూడు. నీళ్లల్ల మనిషి తల మీదికి తేలేటందుకు నాలుగైదు కిలోల ఎత్తుబలం చాలు. కని ఆ బలం ఒంటిని అంటుకొని ఉండాలె. వదులుగ ఉంటే జాకెట్ మీదికి లేస్తది, మనిషి కిందికి జారుతడు. తొడిగి బక్కిళ్లు పెట్టినంక, భుజాల దగ్గర రెండు దిక్కులా పట్టి మీదికి గుంజి చూడు. గదువ దాటి చెవుల దాక వస్తే అది పెద్దది. చిన్నికి కాళ్ల నడుమకెల్లి కట్టే పట్టీ ఉండాలె. పెద్దోళ్ల జాకెట్ దానికి తొడిగితే అసలే వద్దు. మీ అత్తమ్మకు చీర కొంగు నడుముకు చెక్కి, దాని మీదికెల్లి తొడుగు. పట్టుచీరలు ఆ రోజు వద్దని ముందే చెప్పు. ఫోటో కోసం ఒక్క నిమిషం ఇప్పుదమని ఎవరన్నా అంటే నువ్వు గట్టిగ ఉండు. నీ మాట వింటరు.

ఎక్కేటప్పుడు ఒక్కొక్కరే ఎక్కాలె. అంచు మీద కాలు పెట్టొద్దు, నడుమకు పెట్టాలె. మీ అత్తమ్మను అందరికన్న ఆఖరుకు ఎక్కియ్యి. ముందుగాల ఎక్కితే, తక్కినోళ్లు ఎక్కినప్పుడల్ల ఊగి భయపడుతది. ఫోటోలకు అందరు ఒక దిక్కు రావద్దు. బోటునే తిప్పమనుండ్రి, వంతెన మీ వెనకకు వస్తది.

మీ ఆడిబిడ్డ కొడుకు స్పీడు బోటు కోసం ఏడుస్తడని అన్నవు. పోనియ్యి, 13 ఏండ్ల పిల్లగాడు. అల్లున్ని ఎంట పంపు, ఒక్క చుట్టు. ముందు కొసకు కూసోవద్దు, నడుమకో వెనకకో కూసోవాలె. ముందల కూసుంటే ప్రతి అలకు ఎగిరి పడుతరు, ఆ దెబ్బ ఎన్నుపూసకు తగుల్తది. అందుకే నడుములు నొచ్చేటోళ్లు, ముసలోళ్లు స్పీడు బోటు దిక్కే పోవద్దు. మీ మామ ఎక్కుత అంటే నా పేరు చెప్పి ఆపు.

జనవరిల పొద్దుగాల చెరువు మీద పొగమంచు ఉంటది. అది విడిచినంకనే, 9 దాటినంకనే ఎక్కుండ్రి. ఆదివారం వద్దు. మేడారం జాతర ఉన్న ఏడైతే సంక్రాంతి నుంచే అమ్మవార్లను మొక్కి వచ్చేటోళ్లంత లక్నవరం దిక్కు మళ్లుతరు. ఆ రద్దీల బోటోళ్లకు లెక్కలు చూసే ఓపిక ఉండదు. సెలవులల్ల పనిదినం ఒకటి చూసుకోండ్రి.

పిల్లల జాకెట్లు రెండు నేనే హైదరాబాదుకెల్లి తెప్పిచ్చిన. మన ఊరి బావిల మూటకట్టిన ఇసుకతోటి తేల్చి చూసిన, పొద్దంత తేలినయి. శనివారం అల్లున్ని పంపితే ఇచ్చి పంపుత. వచ్చేముందు చిన్నిని, వర్షిత్‌ను కిరాణం దుకాణంల కాటా మీద నిలబెట్టి ఎన్ని కిలోలున్నరో రాసి పంపు. పట్టీలు ఆ లెక్కకు బిగించి పెడుత.

మీ మామ