పాత నిబంధన బలులతో ఈనాటి విశ్వాసికి పనేంటి?

"క్రీస్తు ఒక్కసారే తన్ను తాను అర్పించుకున్నాడు కదా, లేవీయకాండంలోని ఆ బలులన్నీ ఇప్పుడు మనం ఎందుకు చదవాలి?" అని ఒకరు నన్ను అడిగారు. చదవాలి. అందులోనూ ఎవరూ ప్రసంగం చెయ్యని చోటే ముందు చదవాలి.

ఎద్దుల రక్తం, మేకల రక్తం పాపాలను తీసెయ్యలేవని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం తేల్చి చెప్పింది. దాని మీద మనకు పేచీ లేదు. యెరూషలేము దేవాలయాన్ని రోమీయులు క్రీ.శ. 70లో కూల్చేశాక యూదులకు కూడా బలిపీఠం లేకుండా పోయింది. నాకున్న బాధ వేరే. మనవాళ్లు ప్రత్యక్షపు గుడారం (దేవాలయం కట్టకముందు ఇశ్రాయేలీయులు ఆరాధించిన డేరా) తెరల రంగుల మీద గంటన్నర మాట్లాడతారు. నీలం అంటే ఇది, ధూమ్రం అంటే అది అని. గొర్రెపిల్ల అంటే క్రీస్తు అని చెప్పి ఆమేన్ అనిపిస్తారు. ఆ గొర్రెను తెచ్చిన మనిషి సంగతేంటో ఒక్కరూ చెప్పరు. అతను దాని తల మీద చెయ్యి ఉంచాలి, తన చేత్తోనే వధించాలి. యాజకుడి పని ఆ తర్వాతే మొదలవుతుంది. చూసి వెళ్లిపోయే వాడికి అక్కడ చోటు లేదు.

ముఖ్యంగా అపరాధపరిహారార్థబలి, అంటే చేసిన అపరాధానికి పరిహారంగా ఇచ్చే బలి గురించి చెప్పాలి. పొరుగువాడు దాచమని ఇచ్చినదాన్ని కాజేసినా, తాకట్టు సొమ్ము విషయంలో బొంకినా, దొరికిన వస్తువు నా దగ్గర లేదన్నా, అది యెహోవాకు చేసిన ద్రోహం అంటుంది లేవీయకాండం 6వ అధ్యాయం. మోసపోయింది పక్కింటివాడు, ద్రోహం మాత్రం దేవుడికి! మరి పరిహారం ఏంటి? తీసుకున్నదంతా తిరిగిచ్చి, పైన అయిదో వంతు కలిపి సొంతదారుడి చేతిలో పెట్టాలి. బలిగా తేవాల్సిన పొట్టేలు మాట ఆ తర్వాతి వచనంలో వస్తుంది.

నా చిన్నప్పుడు మా ఊరి ఉజ్జీవ కూటాల్లో ఒకాయన సాక్ష్యం చెప్పడానికి లేచాడు. ఊళ్లో చీటీలు నడిపి ఎత్తేసిన మనిషి. "నా పాపాలన్నీ ప్రభువు కడిగేశాడు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. జనం హల్లెలూయ అన్నారు. ఆయన చీటీలో ఇరవై వేలు పోగొట్టుకున్న విధవరాలు ఆడవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చుని ఉంది. ఆవిడ నోరు విప్పలేదు, తల కూడా ఎత్తలేదు. కూటం అయ్యాక మేం పిల్లలం చాపలు చుడుతుంటే, పాస్టరు అయ్యగారు ఆయన్ని పక్కకు పిలిచి బైబిలు తెరిచి ఆ వచనాలు చదివించారు. "ఆవిడకి ఇరవై నాలుగు వేలు ఇచ్చిరా. తర్వాత ప్రభురాత్రి భోజనం బల్ల దగ్గరికి వద్దువుగాని" అన్నారు. ఆయనకు కోపం వచ్చింది, "ధర్మశాస్త్రం కొట్టివేయబడింది కదండీ" అని వాదించాడు. చాలా నెలలు గుడికి రాలేదు. పంట అమ్మాక వాళ్ల పెద్దబ్బాయితో డబ్బు పంపించాడు. పైన నాలుగు వేలు ఎందుకని ఆవిడ అడిగితే, "లేవీయకాండం లెక్కంట అత్తా" అన్నాడట ఆ అబ్బాయి. బలుల గురించి అంతకు మించిన ప్రసంగం నేను వినలేదు.

ఇది ధర్మశాస్త్రంతో పోయిన లెక్క కూడా కాదు. బలిపీఠం దగ్గర నీ సహోదరుడు గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలేసి వెళ్లి సమాధానపడమన్నది యేసే. సుంకం వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాకే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట వినబడింది. యూదు గురువుల బోధల పాత సంకలనమైన మిష్నాలో యోమా అనే భాగం ఉంది. తోటివాడికి చేసిన తప్పుకు, అతన్ని సమాధానపరిచేదాకా, ఏటా పాపాల కోసం ఉపవాసముండే ప్రాయశ్చిత్త దినం కూడా పనిచెయ్యదని అందులో రాశారు. గుడి పోయినా వాళ్లు ఈ ముక్క వదల్లేదు. పూర్తి బలి దొరికిందని చెప్పుకునే మనం వదిలేశాం.

ఇంకో విషయం కూడా నాకు మంట. "ప్రథమఫలం", "విత్తనం" అనే పేర్లతో కానుకలు అడుగుతూ పేదవాళ్ల జీతం మీద పడే వాళ్లు లేవీయకాండాన్నే చూపిస్తారు. 5వ అధ్యాయం చూపించరు. గొర్రె తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు. అవీ లేకపోతే తూమెడులో పదోవంతు గోధుమపిండి చాలు, నూనె వద్దు, సాంబ్రాణి వద్దు. బాలయేసును దేవాలయానికి తెచ్చినప్పుడు మరియ, యోసేపులు ఇచ్చింది కూడా పేదవాళ్ల అర్పణే, పక్షుల జత. కృతజ్ఞత కోసం ఇచ్చిన సమాధానబలి మాంసాన్ని ఆ రోజే తినెయ్యాలి, తెల్లారేదాకా ఉంచకూడదు. ఒక పశువు మాంసం ఒక్క ఇంటివాళ్లకు ఒక్క రోజులో తరగదు, పదిమందిని పిలవాల్సిందే. మా వైపు కోతల పండుగకి జనం తెచ్చిన వడ్లు, కోళ్లు, గుమ్మడికాయలు వేలం వేసి డబ్బు లెక్కపెట్టుకుంటారు. అందులో కొంతైనా అక్కడే వండి, ఊళ్లో ఎవరొస్తే వాళ్లకి వడ్డిస్తే బాగుంటుందని ప్రతి ఏడూ అడుగుతూనే ఉన్నాను.

కాబట్టి బైబిలంతా చదవాలని జనవరిలో ఆదికాండం మొదలుపెట్టి లేవీయకాండం దగ్గర ఆగిపోయేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. 1వ అధ్యాయం కాదు, 5, 6 అధ్యాయాలు ముందు చదవండి. వెంటనే మత్తయి 5:23, 24 చదవండి. ఎవరికైనా బాకీ ఉంటే ఆ అయిదో వంతు లెక్క కట్టి, తర్వాత మిగతా అధ్యాయాలకు రండి.